అరుణకుమారి వెనకాల నడిచేవి

పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం అరుణకుమారి వీధిలోకి వచ్చిందంటే ఎదురొచ్చే స్కూటర్లు ఓ పక్కకి తీసి ఆగాల్సిందే. ఆవిడ దాటిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆవిడ వెనకాల వచ్చేవన్నీ దాటాలి కదా! ముందుగా సగం తోమిన పప్పుగిన్నె దొర్లుకుంటూ వస్తుంది. దాని వెనక ఒక్క చెయ్యి మాత్రమే కుట్టిన జాకెట్టు, ఒక కొస మడతపడి రెండో కొస వేలాడే చీర, ఇవాళ బుక్ చేద్దాం రేపు బుక్ చేద్దాం అనుకుంటున్న ఖాళీ గ్యాసుబండ. అన్నిటికన్నా వెనక, నేలమీద జీరాడుతూ, పటిక అద్ది కాలవకి తీసుకెళ్ళకుండా వదిలేసిన కలంకారీ దుప్పట్లు.

పని సగంలో వదిలేస్తే అది మనిషి వెంట పడుతుంది. ఇదేమీ పెడనలోనే ఉన్న వింత కాదు, గుడివాడలోనూ అంతే, బందరులోనూ అంతే. అందరి వెనకా ఎప్పుడో ఒకప్పుడు ఒకటో రెండో నడుస్తూనే ఉంటాయి. సగం వేసిన సిమెంటు రోడ్డొకటి ఓ కాంట్రాక్టరు వెనకాల ఊరూరా తిరిగింది, ఆయన సిగ్గుపడితే ఒట్టు. కానీ అరుణకుమారిది మాత్రం ఊరేగింపు. చిన్నప్పుడు బళ్ళో పిల్లలు "పెళ్ళివారు వస్తున్నారు, తప్పుకోండి" అని ఏడిపించేవాళ్ళు. ఆ అమ్మాయీ వాళ్ళతో కలిసి నవ్వేది. నవ్వి, ఇంటికెళ్ళి పెరట్లో కూర్చుని ఏడ్చేది. "మతి ఎక్కడ పెట్టావే" అని తల్లి, "ఒళ్ళు బద్ధకం" అని మేష్టారు, అత్తారింటికి వచ్చాక "ఏం పెంపకమో" అని అత్తగారు. ఎవరేమన్నా అన్నీ నిజమే అనుకుంటూ పెరిగింది.

భర్త బాలాజీ గుడ్లవల్లేరు రైస్ మిల్లులో గుమాస్తా. అతని వెనకాల ఏమీ నడవగా చూసినవాళ్ళు లేరు. సాయంత్రం మిల్లు లెక్కలు తేల్చి, పెన్ను క్యాపు పెట్టి లేస్తే ఆ రోజు ఆ రోజుతోనే సరి. చెడ్డవాడేం కాదు. అయితే కడుపు నిండినవాడికి ఆకలి సంగతి చెప్పడం ఎంత కష్టమో, అతనికి భార్య సంగతి చెప్పడం అంత కష్టం.

ఇంటి వెనక రేకుల షెడ్డులో అరుణకుమారి అద్దకం పని చేస్తుంది. బల్లమీద గుడ్డ పరిచి, టేకు అచ్చు రంగులో ముంచి, గుడ్డమీద పెట్టి అరచేత్తో ఒక్క చరుపు చరిచిందంటే లత మీద లత, పువ్వు మీద పువ్వు కుదురుకుంటాయి. ఆ పనిలో ఆవిడకి సాటి లేదు, మధ్యాహ్నం అన్నం కూడా గుర్తుండదు. చిక్కంతా ఆ తర్వాతే. నల్ల గీతలు వేసి, ఎరుపు రావాల్సిన చోట పటిక అద్దాక, ఆ గుడ్డని పారే నీళ్ళలో జాడించాలి. ఎక్కువైన పటిక కొట్టుకుపోతేనే రంగుబానలో ఉడికించినప్పుడు ఎరుపు దాని చోట అది నిలబడుతుంది. జాడించకుండా రోజుల తరబడి ఉంచితే మడత మడతకీ మచ్చలు. జాడించడంలో ఏం సరదా ఉంది? అందుకని అరుణకుమారి చెయ్యి కొత్త గుడ్డ మీదికే పోతుంది. పాతవి గుమ్మం దిగి ఆవిడ వెనకాల నిలబడతాయి.

ఇదంతా ఎలాగో నడిచిపోయేదే. ఓ రోజు కూతురు వెన్నెల బడి నుంచి వస్తోంది. అయిదో తరగతి పిల్ల. వీధి మలుపు తిరుగుతుంటే దాని వెనకాల ఏదో చిన్నగా గెంతుతూ కనిపించింది. అరుణకుమారి కళ్ళు చికిలించి చూసింది. సగం చెక్కిన పెన్సిలు.

మర్నాడు పెన్సిలుతో పాటు సగం తాగిన పాలగ్లాసు వచ్చింది. వారం తిరిగేసరికి సగం చేసిన లెక్కలు. వెన్నెల మాత్రం వాటితో కబుర్లు చెప్పుకుంటూ నడిచేది. ఇంకా ఎవరూ దాన్ని చూసి నవ్వలేదు. ఆ నవ్వు ఎలా ఉంటుందో తల్లికి తెలుసు. నిద్రలో కూడా ఆ నవ్వే వినిపించి ఉలిక్కిపడి లేచేది.

బాలాజీ కూడా చూశాడు. అతను భయాన్ని భయంలా చూపించే మనిషి కాదు, వెంటనే ఏదో ఒక ఏర్పాటు చేసేస్తాడు. గుడివాడ అవతల ఓ హాస్టల్ స్కూలు ఉందనీ, వేసవిలో ఆరో తరగతికి ప్రవేశపరీక్ష పెడతారనీ కనుక్కొచ్చాడు.

"అక్కడ గేటు దగ్గరే ఆపేస్తారంట. పిల్లల వెనక ఏవీ లోపలికి రానివ్వరు. నాలుగేళ్ళు ఉంటే అదే దారికొస్తుంది."

ఆ స్కూలు అరుణకుమారికి తెలియకపోలేదు. బస్సులోంచి చూసింది. ఎత్తైన గోడ, ఆ గోడ బయట ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ సగం గీసిన బొమ్మలూ, సగం అల్లిన తోరణాలూ, చక్రాలు అతికించని కాగితం కార్లూ. తమ పిల్లలు ఎప్పుడు బయటికొస్తారా అని గేటు వైపే తిరిగి పడి ఉన్నాయి.

"వద్దండీ. నేను నేర్పుకుంటాను దానికి."

బాలాజీ ఆవిడ వంక చూడలేదు, ఆవిడ వెనక చూశాడు. గ్యాసుబండ కాస్త పక్కకి తప్పుకుంది.

"ముందు నీవి సర్దుకో అరుణా. ఈ దుప్పట్ల లాటు మొత్తం కాలవ కట్టేసేలోపు జాడించి పూర్తిచేసి చూపించు. అప్పుడు మాట్లాడదాం."

కాలవ కట్టేయడమంటే డెల్టాలో చెప్పేదేముంది. వేసవి ముదిరేసరికి పైన నీళ్ళు ఆపేస్తారు, మళ్ళీ తొలకరిలో సార్వా నాట్లకే వదిలేది. ఈలోగా పారే నీళ్ళుండవు. ఆవిడ గుండె ఆ కాలవలో పెట్టుకుని బతకడం మొదలుపెట్టింది.

ఓ రోజు వెన్నెలని తీసుకుని గుడివాడ వెళ్తే డాక్టరుగారు తల్లినీ కూతురినీ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడి, దీన్ని ఏడీహెచ్‌డీ అంటారనీ, ధ్యాస ఒకచోట నిలవకపోవడమనీ చెప్పారు. పెద్దవాళ్ళకీ ఉంటుందనీ, పుట్టుకతో వచ్చేదేననీ, పెంపకానికీ దీనికీ సంబంధం లేదనీ అన్నారు. మాత్రలు రాసి, రోజువారీ ఉపాయాలకి బందరులో ఏంజెల్ అనే ఆవిణ్ణి కలవమన్నారు.

ఆడవాళ్ళకి బస్సు ఉచితమైంది గానీ వాళ్ళ పనుల సంగతి ఏ జీవోలోనూ లేదు. కండక్టరు మంచివాడు, "అన్నీ ఎక్కాయా అమ్మా? ఆ చీర కొంగు తలుపులో పడుతుంది, చూసుకోండి. రైట్ రైట్" అన్నాడు. గ్యాసుబండని మాత్రం ఎక్కించనన్నాడు, రూలంటే రూలే. అది బందరు దాకా బస్సు వెనకాలే పరుగెత్తుకుంటూ వచ్చింది.

ఏంజెల్ గది కోనేరు సెంటరు దగ్గర మందుల షాపు పైన. రిటైరైన టీచరు. ఆవిడ గుమ్మం బయట కూడా సగం అల్లిన స్వెట్టరూ, తాళాలు బాగుచేయించాల్సిన హార్మోనియమూ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. వాటిని చూడగానే అరుణకుమారికి సగం భయం పోయింది.

"మేడమ్, ముందు వీటిని తరిమేసే ఉపాయం చెప్పండి."

"ఇన్నేళ్ళూ తరిమారుగా, పోయాయా?"

"లేదండీ."

"మరి! మీది బద్ధకం కాదు అరుణగారూ. పని మొదలెట్టడానికి అందరికీ ఓ గడప ఉంటుంది. మీకు ఆ గడప నడుమెత్తు. ఎక్కలేకపోతే తిట్టుకుంటూ కూర్చోడమెందుకు, ఓ పీట వేసుకుందాం."

నలభై ఏళ్ళ మనిషి, పరాయి ఇంట్లో, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బద్ధకం కాదని ఆవిడతో అన్న మొదటి మనిషి ఏంజెల్. ఆవిడ ఆపమనలేదు, మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

పీటలు ఒక్కొక్కటే వచ్చాయి. దుప్పట్లన్నీ జాడించాలి అనుకోవద్దు, ఒక్కదాని మీద చెయ్యి వేయండి చాలు అంది ఏంజెల్. చెయ్యి వేశాక దాన్ని లేపాలనిపిస్తే లేపండి. ఎప్పుడు వేయాలో గడియారంలో చూసుకోవద్దు, గడియారం మీ మాట వినదు. రోజూ దానంతటదే జరిగేదానికి ముడెయ్యండి అంది. అరుణకుమారి బందరు పాసింజరు కూతకి ముడేసింది. కూత వినపడగానే దుప్పటి మీద చెయ్యి. మిగతావాటితో గట్టిగా, నోరు తెరిచి, "నువ్వు కూర్చో, అన్నాలయ్యాక నీ వంతు" అని చెప్పాలి. మొదటిరోజు జాకెట్టుతో ఆ మాట అంటుంటే సిగ్గేసింది. జాకెట్టు మాత్రం నిజంగానే అరుగు మీద కూర్చుంది.

అన్నిటికన్నా పనికొచ్చింది పక్కన మనిషి ఉండటం. సాయం చేయక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు అంది ఏంజెల్. కాలవగట్టు మీద గుడ్డలు జాడించే యలమంద అనే ముసలాయన ఉన్నాడు, నడుం పట్టేసి పని మానేశాడు.

"బాబాయ్, నేను జాడిస్తుంటే నువ్విక్కడ ఊరికే కూర్చుంటావా?"

"ఊరికే కూర్చోడానికి నన్ను మించినవాడు పెడనలో లేడమ్మాయ్" అన్నాడాయన చుట్ట వెలిగించుకుంటూ.

ఆయన కూర్చునేవాడు, ఆవిడ జాడించేది. ఒక్కో దుప్పటి నీళ్ళలో సాగి, పటిక వదిలి, గడ్డిమీద ఆరి, వెనకాల నడవడం మానేసి మామూలు గుడ్డయిపోయేది. సాయంత్రాలు వెన్నెల కూడా గట్టుకొచ్చి యలమంద పక్కన కూర్చుని లెక్కలు చేసుకునేది. పాసింజరు కూయగానే పెన్సిలు చేత్తో పట్టుకునేది. తల్లి చెప్పకుండానే నేర్చుకుంది.

అయితే ఇవి అచ్చు మీద అచ్చులా కుదురుకునే సంగతులు కావు. మధ్యలో పాత సామాను సర్దుతుంటే ఓ నెమలి అచ్చు బయటపడింది. ఒక్క చరుపు చరిచి చూద్దాం అనుకుంది అరుణకుమారి. తల ఎత్తేసరికి వారం గడిచిపోయింది, షెడ్డు నిండా నెమళ్ళు. పాసింజరు రోజూ కూసింది, ఆవిడకే వినపడలేదు. వాకిట్లో పాత దుప్పట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాటి మధ్య కొత్త నెమళ్ళ గుడ్డలు కూడా చేరాయి. బాలాజీ మిల్లు నుంచి వచ్చి వాటిని దాటుకుని లోపలికి వెళ్ళాడు. తిట్టినా బాగుండేది.

ఏంజెల్‌కి ఫోన్ చేసి "నా వల్ల కాదు మేడమ్" అంది.

"నా హార్మోనియం చూశారుగా. నా వల్లా కాలేదు. ఇవాళ రైలు వెళ్ళిపోయిందా?"

"ఇంకా రాలేదు."

"అయితే ఏం పోయింది?"

కాలవ మాత్రం తగ్గుతోంది. రొమ్ముదాకా ఉండే నీళ్ళు నడుం దాకా వచ్చాయి, తర్వాత మోకాళ్ళు. అరుణకుమారి రేవు మెట్లమీద నాచు గీత చూసుకుంటూ, ఇంకా ఎన్ని దుప్పట్లు ఇంకా ఎన్ని నీళ్ళు అని లోపల కొట్టుకుపోయేది. సరిగ్గా నీళ్ళు ఆఖరైన రోజే ప్రవేశపరీక్ష పడింది.

"రాస్తే నష్టమేముంది? నీ లాటూ ఇవాళే తేలుతుందిగా" అని బాలాజీ వెన్నెలని మోటారుసైకిలు ఎక్కించుకున్నాడు. పిల్ల వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది.

ఆ పూటంతా అరుణకుమారి వంచిన నడుం ఎత్తలేదు. యలమంద చుట్ట కూడా వెలిగించకుండా కూర్చున్నాడు. ఎండ తిరిగేసరికి నీళ్ళు పిక్కల దాకా దిగాయి, అవి పారుతున్నట్టూ ఉన్నాయి, ఆగినట్టూ ఉన్నాయి. లాటులో ఆఖరి దుప్పటి మిగిలింది. దాన్ని అప్పుడే నీళ్ళలో పరవబోతుంటే గట్టుమీద మోటారుసైకిలు ఆగింది.

బండి వెనక కొత్త స్టీలు ట్రంకు పెట్టె తాడేసి కట్టి ఉంది. బాలాజీ మొహం జేవురించింది. వెన్నెల దిగి తల వంచుకుని నిలబడింది. దాని వెనకాల, దుమ్ము కొట్టుకుపోయి, ఆయాసపడుతూ, నడిచొచ్చిన పరీక్ష కాగితం. సగం దాకా జవాబులు, మిగతా సగం తెల్లగా.

జరిగింది ఇదీ. పిల్లల వెనక లోపలికి వచ్చేవాటిని ఆపడానికి ఆ గేటు దగ్గర ఇద్దరు కాపలావాళ్ళు ఉన్నారు గానీ, బయటికి పోయేవాటిని చూసేవాడు ఎవడూ లేడు. వెన్నెల సగం రాసి, గంట కొట్టగానే లేచి వచ్చేసింది. కాగితం కూడా లేచి వచ్చేసింది.

"పరీక్ష రాస్తే చాలు, సీటు వచ్చేసినట్టేనని స్కూల్లో అన్నారు కదా అని పెట్టె కూడా కొన్నాను. సబ్బులు, తువ్వాళ్ళు పడేశాను. ఇక బట్టలు సర్దడమే తరవాయి. ఇంతలో ఇదీ!" అన్నాడు బాలాజీ. "సరే. మీ మేడమ్ నేర్పిందిగా పక్కన కూర్చోవడం! కూర్చుని పూర్తిచేయించు. రేపు నేను పట్టుకెళ్ళి ఇస్తాను."

అరుణకుమారి చేతిలో దుప్పటి, పాదాల మధ్య వెళ్ళిపోతున్న నీళ్ళు. దీన్ని ఇప్పుడు జాడించకపోతే లాటు పూర్తికాదు, ఇచ్చిన మాటా పోతుంది. ఆవిడ ఓసారి నీళ్ళవైపు చూసి, దుప్పటి మెట్టుమీద పెట్టి, గట్టెక్కి కూతురి పక్కన కూర్చుంది.

"రాయడం రాలేదా తల్లీ?"

"వచ్చమ్మా. ఉన్నవన్నీ వచ్చినవే. రాస్తే అక్కడికి పంపించేస్తారుగా."

"రాయకపోతే ఇది జన్మంతా నీ వెనకే తిరుగుతుందే. నీకు తెలీదు అదెలా ఉంటుందో" అంది అరుణకుమారి. రాయమనడానికి నోరు రాలేదు, రాయొద్దనడానికి ధైర్యం చాల్లేదు.

వెన్నెల కాసేపు కాగితం వంక చూసింది. మోకాళ్ళమీద కూర్చుని, దాని దుమ్ము చేత్తో తుడిచింది.

"నిన్ను రాయలేక కాదు. నిన్ను నేను రాయను. నాకు అమ్మ దగ్గర ఉండాలని ఉంది. ఇంక నువ్వు నాతో రావద్దు."

కాగితం ఓసారి అంచులు ఆడించి, నేలమీద వెల్లకిలా పడుకుంది. వెన్నెల లేచి నాలుగడుగులు నడిచి చూసింది. అది రాలేదు. వట్టి కాగితం.

ఇన్నేళ్ళలో అరుణకుమారి ఎన్ని పనుల నుంచి మొహం చాటేసిందో లెక్కలేదు గానీ, ఒక్కదాన్నీ ఎదురుగా నిలబెట్టి నిన్ను చేయను అని చెప్పలేదు. చెప్పొచ్చని ఆవిడకి తోచనే లేదు. ఏంజెల్‌కి కూడా తోచలేదేమో, హార్మోనియం ఇంకా గుమ్మంలోనే ఉంది మరి.

బాలాజీ ఫోన్ మోగింది. స్కూలువాళ్ళు. పాప పేపరు కనపడటం లేదనీ, రేపు తీసుకొస్తే కూర్చోబెట్టి రాయించుకుంటామనీ గట్టిగా వినిపిస్తూనే ఉంది. బాలాజీ కూతుర్ని చూశాడు, నేలమీద కాగితాన్ని చూశాడు. తీసుకొస్తానని అనలేకపోయాడు, తీసుకురానని కూడా అనలేకపోయాడు.

"చూద్దామండీ" అని పెట్టేశాడు.

తాడు దానంతటదే జారింది. ట్రంకు పెట్టె ధన్‌మని కిందికి దిగి, మూత సగం తెరుచుకుని, అతని వెనకాల నిలబడింది.

బాలాజీ అటు జరిగాడు. అది అటు జరిగింది. పెద్ద పెద్ద అంగలేసుకుంటూ గట్టుమీద కొంతదూరం వెళ్ళాడు. సబ్బులు గలగల్లాడుతూ అది పడుతూ లేస్తూ వెంట వచ్చింది. గట్టుమీద గేదెలు తోలుకెళ్ళేవాళ్ళు దారిచ్చారు, ఎవరూ నవ్వలేదు. అయినా అతని చెవులు ఎర్రబడ్డాయి. మనిషి అంత బేలగా అయిపోవడం అరుణకుమారి పెళ్ళైన ఇన్నేళ్ళలో చూడలేదు.

"నాన్నా, మెల్లిగా నడు" అంది వెన్నెల. "దానికింకా నడక రాదు."

అతను ఆగిపోయాడు. భార్య వైపు తిరిగాడు.

"రోజూ ఇలాగే ఉంటుందా అరుణా?"

"రోజూనండీ."

"నిద్రపోయినప్పుడు?"

"మంచం పక్కనే నిలబడి ఉంటాయి."

బాలాజీ ఫోన్ తీసి, వచ్చిన నంబరుకే మళ్ళీ చేశాడు. "మా అమ్మాయిని పంపించడం లేదండీ. లేదండీ, రేపు కాదు, ఎప్పుడూ కాదు" అన్నాడు. పెట్టె మూత మూసుకుని దుమ్ములో చతికిలబడింది. అతనూ దానిమీదే కూలబడ్డాడు.

కాలవలో నీళ్ళు మడమలు కూడా తడపడం లేదు. ఆఖరి దుప్పటి మెట్లెక్కి వచ్చి అరుణకుమారి వెనక నిలబడింది.

"ఒకటి మిగిలిపోయిందండీ" అంది ఆవిడ భయపడుతూనే.

"చూశాను" అన్నాడు బాలాజీ.

"ఇక సార్వా నీళ్ళకే అమ్మాయ్" అన్నాడు యలమంద నడుం పట్టుకుని లేస్తూ.

పొద్దుగుంకుతుంటే ఇంటిదారి పట్టారు. అరుణకుమారి వెనకాల దుప్పటీ, నాలుగైదు నెమళ్ళ గుడ్డలూ, గ్యాసుబండా. వెన్నెల వెనకాల కట్టని బూటు లేసు ఒకటి. బాలాజీ పెట్టెని మళ్ళీ బండికి కట్టి, బండిని నడిపించుకుంటూ వచ్చాడు. అతని వెనకాల ఏమీ లేదు. అయినా ఇల్లు చేరేదాకా వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉన్నాడు.